ఏనుగు ధర, అంకుశం బేరం: అడ్వెంచర్ మోటారుసైకిళ్ల విలువ, మైలేజీ – ఒక చారిత్రక పరిశీలన

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసివ్వమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఏ శాసనాల గురించో సంస్థానాల గురించో రాద్దామనుకున్నాను. ఇంతలో మా ఇంట్లోనే ఒక చరిత్ర మొదలైంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మాయి కొడుకు సంక్రాంతికి వచ్చి, "తాతయ్యా, అడ్వెంచర్ బైకు కొందామనుకుంటున్నాను. ఒక లక్ష సర్దుతావా? ఏడాదిలో తీర్చేస్తాను" అన్నాడు.

అడ్వెంచర్ బైకంటే ఏమిటని అడిగితే ఫోనులో బొమ్మలు చూపించాడు. నేలకు బాగా ఎత్తుగా ఉన్న బండి, పెద్ద ముందు చక్రం, పెద్ద పెట్రోలు ట్యాంకు, ముందుకు పొడుచుకు వచ్చిన ముక్కులాంటి మడ్‌గార్డు. అప్పుడు నా నోట వచ్చిన ప్రశ్న మీరందరూ ఊహించగలరు. "మైలేజీ ఎంతరా?"

వాడు నవ్వాడు. "మూడు లక్షల బండికి ఎవరైనా ముందు మైలేజీ అడుగుతారా తాతయ్యా?"

వాడడిగిన లక్ష మేమిద్దరం ఆసుపత్రి ఖర్చులకని బ్యాంకులో వేసుకున్న డిపాజిట్టులోది. కాబట్టి ఆ నవ్వును తేలికగా తీసుకోలేకపోయాను. మన తరం నోట ఆ ప్రశ్న అంత వెంటనే ఎందుకు వస్తుంది? వాళ్ల తరానికి ఎందుకు రాదు? ఇద్దరిలో ఎవరి లెక్క సరైనది? వారం రోజులు కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే తేలిన సంగతులివి.

పేరు కొత్తది, పని పాతది

అడ్వెంచర్ బైకనే మాట కొత్తదే గాని, దారి లేని చోటికి మోటారుసైకిలు మీద పోవడం కొత్తేమీ కాదు. అమెరికావాసి కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ 1912–13 సంవత్సరాల్లో హెండర్సన్ మోటారుసైకిలు మీద ప్రపంచయాత్ర చేశాడు. 1934–35లో థెరెసా వాలాక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు మహిళలు లండన్ నుంచి సహారా ఎడారి మీదుగా కేప్‌టౌన్ వరకు వెళ్లారు. వారిది సైడ్‌కారు తగిలించిన పాంథర్ బండి. ఆ కాలంలో తారురోడ్లే తక్కువ కనుక, దూరం వెళ్లే ప్రతి మోటారుసైకిలూ ఒక విధంగా అడ్వెంచర్ బండే.

మనందరికీ తెలిసిన బుల్లెట్టు సంగతే చూడండి. ఈనాడు దాన్ని దర్జాకు గుర్తుగా చూస్తున్నాం గాని, అది పేరు తెచ్చుకున్నది కొండల్లో, బురదలో. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు వెనుక చక్రానికి స్వింగింగ్ ఆర్మ్, షాక్ అబ్జార్బర్లు అమర్చి కొత్త బుల్లెట్టును తయారుచేశారు. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో గెలిచిన బ్రిటన్ జట్టులో ఆ బండ్లు కూడా ఉన్నాయి. ఆ తరువాతనే అది బజారులోకి వచ్చింది.

మన సైన్యం 1950ల మొదట్లో సరిహద్దు గస్తీకి 350 సి.సి. బుల్లెట్టును ఎంచుకున్నది కూడా ఇందుకే. ఆ ఆర్డర్ల ఫలితంగా 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు. 1960ల మొదటికి మొత్తం బండి ఇక్కడే తయారు కాసాగింది. ఇంగ్లండులో 1970లో కంపెనీ మూతపడినా, మద్రాసు బుల్లెట్టు ఆగలేదు.

అదే కాలంలో 1961లో మైసూరులో జావా బండ్ల తయారీ మొదలైంది. 1973 నుంచి అవి యెజ్డీ అనే పేరుతో వచ్చాయి. 1960లలోనే ఎస్కార్ట్స్ వారు పోలండు నమూనా ఆధారంగా రాజ్‌దూత్‌ను తెచ్చారు. పల్లెల్లో పాలక్యాన్లు మోసినా, ఫీల్డు ఉద్యోగులను క్యాంపులకు చేర్చినా, గట్టు మీద నుంచి పొలంలోకి దిగినా అంతా ఈ మూడు బండ్ల మీదే. మన సభ్యుల్లో సగం మందికి వీటిలో ఏదో ఒకదానితో అనుబంధం ఉండే ఉంటుంది. "అడ్వెంచర్" అని ఎవరూ అనలేదు. డ్యూటీ అన్నాం, అంతే.

మైలేజీ అనే మాట మన ఇళ్లలోకి వచ్చిన వైనం

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు పెట్టాయి. అప్పటికి మూడు డాలర్ల లోపు ఉన్న పీపా ముడిచమురు 1974 మొదటికల్లా పన్నెండు డాలర్లకు చేరువైంది. 1979లో ఇరాన్ విప్లవంతో రెండోసారి ధరలు ఎగిశాయి. చమురులో పెద్ద భాగం దిగుమతి చేసుకునే మన దేశానికి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. జీతం చూస్తే మెల్లగా, పెట్రోలు చూస్తే వేగంగా పెరిగిన రోజులవి.

అప్పటి మోటారుసైకిళ్లలో బుల్లెట్టు తప్ప మిగిలినవన్నీ దాదాపు టూ స్ట్రోక్ ఇంజన్లే. ఈ ఇంజన్ నిర్మాణం సులువు, మరమ్మతు చౌక. అయితే కాలిన పొగ బయటికి పోయేటప్పుడు కొత్తగా వచ్చిన పెట్రోలు మిశ్రమం కూడా కొంత దానితోపాటే వెళ్లిపోతుంది. అంటే మనం డబ్బిచ్చి పోయించుకున్న పెట్రోల్లో కొంత కాలకుండానే పొగగొట్టం గుండా పోయేదన్నమాట. ఆ పైన పెట్రోల్లో ఆయిలు కలిపించుకోవడం వేరే ఖర్చు.

1980లలో ప్రభుత్వం జపాను కంపెనీలతో ఉమ్మడి సంస్థలకు అనుమతి ఇచ్చిన తరువాత వరుసగా 100 సి.సి. బండ్లు వచ్చాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో యమహా ఆర్ఎక్స్ 100, 1986లో కవాసకి బజాజ్ వచ్చాయి. ఇవి మూడూ టూ స్ట్రోక్ బండ్లే. 1985లోనే వచ్చిన హీరో హోండా సిడి 100 మాత్రం ఫోర్ స్ట్రోక్. లీటరుకు 80 కిలోమీటర్లని దాని ప్రకటన. "ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్" అన్న నినాదం ఇంగ్లీషు రానివారి నోట కూడా పలికింది. ట్యాంకు నింపు, మూత పెట్టు, ఇక ఆ సంగతి మరిచిపో అని దాని భావం.

ఆఫీసులో మోటారుసైకిలు అడ్వాన్సు మంజూరు చేయించుకుని, నెలనెలా జీతంలో కోత పడుతుండగా బండి నడిపిన మనకు ఆ నినాదం ఎంత తియ్యగా వినిపించిందో చెప్పనక్కర లేదు. 1994లో వచ్చిన స్ప్లెండర్ అదే బాటలో నడిచి ఇంటింటి బండి అయింది. బుల్లెట్టు వారు సైతం డీజిలు ఇంజన్ పెట్టి ఒక మోటారుసైకిలు అమ్మారు. మెల్లగా నడిచినా లీటరుకు డెబ్బై దాకా ఇస్తుందని పేరు తెచ్చుకున్న ఆ బండి, కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో 2000 ప్రాంతంలో కనుమరుగైంది.

ఇదీ మన తరం ప్రశ్న పుట్టుక. మైలేజీ మనకు అలవాటు కాదు, అవసరం. మా మనవడు పుట్టేనాటికి ఆ అవసరం తగ్గింది, మన నోట ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఎడారిలో దారి తప్పిన మనిషి

మనం మైలేజీ లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే ఐరోపాలో మరో కథ నడిచింది. 1977లో తియెరీ సబీన్ అనే ఫ్రెంచి యువకుడు ఒక ర్యాలీలో మోటారుసైకిలు నడుపుతూ లిబియా ఎడారిలో దారి తప్పాడు. ప్రాణాలతో బయటపడి ఇంటికి చేరాక, అందరూ అలాంటి చోటికి వెళ్లాలన్న ఆలోచన చేశాడు. 1978 డిసెంబరు 26న పారిస్ నుంచి ఆఫ్రికా పడమటి తీరంలోని డకార్ వరకు మొదటి ర్యాలీ బయలుదేరింది. దూరం సుమారు పదివేల కిలోమీటర్లు. గెలిచినవాడు యమహా ఎక్స్‌టి 500 నడిపిన సిరిల్ నెవో. ఒకటే సిలిండరు, తేలికపాటి బండి.

1980లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. వారు ఆర్ 80 జి/ఎస్ అనే బండిని తెచ్చారు. జర్మను భాషలో ఆ రెండక్షరాలకు అర్థం గుట్టలూ మిట్టలూ ఉన్న నేల, రోడ్డు అని. అంటే రెండింటి మీదా నడిచేది. దాదాపు 800 సి.సి. ఇంజన్‌తో హైవే మీద వేగంగా వెళ్లగలదు, రోడ్డు అయిపోతే మట్టిలోకి దిగగలదు. 1981లో ఉబేర్ ఓరియోల్ ఆ రకం బండితోనే డకార్ ర్యాలీ గెలిచాడు. ఈనాటి అడ్వెంచర్ బండ్లన్నిటికీ దీన్నే పెద్దన్నగా చెప్పుకుంటారు. 1984లో ఆ ర్యాలీ పేరుతోనే వచ్చిన రకానికి 32 లీటర్ల ట్యాంకు పెట్టారు.

ఆ ట్యాంకు సంగతి కాస్త ఆలోచించదగ్గది. మనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లని అడిగితే, వాళ్లు ట్యాంకుకు ఎన్ని కిలోమీటర్లని అడిగారు. ఎడారిలో బంకు లేదు కనుక అక్కడ పెట్రోలు ధరతో పని లేదు. తదుపరి బంకు వరకు చేరతామా లేదా అన్నదే ప్రశ్న. మన మైలేజీ జేబుకు సంబంధించినది, వాళ్లది ప్రాణానికి సంబంధించినది.

ఆ రెండో లెక్క నాకూ ఒకసారి అనుభవమైంది. పాడేరు ఏజెన్సీలో పని చేసే రోజుల్లో క్యాంపుకు బయలుదేరి ఘాటీలో ఉండగా బండి ఆగిపోయింది. అప్పటి బండ్లకు పెట్రోలు గొట్టం దగ్గర రిజర్వు నాబు ఉండేది కదా. అంతకుముందు రోజు దాన్ని రిజర్వుకు తిప్పి, పెట్రోలు పోయించుకున్నాక తిరిగి మామూలుకు తిప్పడం మరిచాను. ఆ రోజు ట్యాంకులో ఆఖరి బొట్టు దాకా ఖర్చయింది, నాకు తెలియనే లేదు. చీకటి పడుతుండగా రెండు మలుపులు తోసుకుంటూ వెళ్లాను. కాఫీ తోటల వైపు నుంచి వచ్చిన జీపు డ్రైవరు సీసాడు పెట్రోలు పోసి, డబ్బు తీసుకోకుండా పోయాడు. నా బండి మైలేజీ బాగానే ఉండేది. ఆ సాయంత్రం ఆ మైలేజీ నాకు ఎందుకూ కొరగాలేదు.

తాండి దగ్గర బోర్డు

మన దేశంలో ఆ రెండో లెక్కకు గుర్తుగా ఒక బోర్డు ఉండేది. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి నుంచి లదాఖ్‌లోని లేహ్‌కు వెళ్లే దారిలో తాండి అనే చోట పెట్రోలు బంకు ఉంది. ఇక్కడ దాటితే తదుపరి బంకు 365 కిలోమీటర్లని అక్కడ రాసిపెట్టారు. లదాఖ్‌ను 1974లో పర్యాటకులకు తెరిచాక కాలక్రమాన మోటారుసైకిళ్ల యాత్రలు పెరిగాయి. వెళ్లినవారంతా ఆ బోర్డు ముందు ఫొటో తీయించుకుని, క్యాన్లలో పెట్రోలు నింపుకుని కదిలేవారు.

ఆ దారి బరాలాచా లా (4,890 మీటర్లు), తంగ్లంగ్ లా (5,328 మీటర్లు) కనుమలను దాటుతుంది. అంత ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంజన్‌కు పెట్రోలుతోపాటు గాలీ కావాలి. పాత కార్బ్యురేటరుకు గాలి పలచబడిన సంగతి తెలియదు. అది ఎప్పటిలాగే పెట్రోలు పోస్తూ పోతుంది. ఫలితం నల్లటి పొగ, తగ్గిన శక్తి, పడిపోయిన మైలేజీ. ఈనాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్లు గాలిని కొలిచి పెట్రోలును తగ్గిస్తాయి. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బి.ఎస్. 6 నిబంధనలతో మోటారుసైకిళ్లలో కార్బ్యురేటరు కాలం దాదాపు ముగిసింది. పొగ తగ్గించడానికి తెచ్చిన మార్పు కొండదారికీ ఉపకరించింది.

ఇన్నేళ్లూ లదాఖ్ వెళ్లినవారిలో ఎక్కువమంది బుల్లెట్టు మీదే వెళ్లారు. దానికి అలవాటు, అడుగడుగునా దొరికే మెకానిక్కులు, తేలికగా దొరికే విడిభాగాలు కారణం. అయితే ఆనాటి బుల్లెట్టు మొదటి రోజుల పోటీబండి కాదు. నేలకు ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ. కొండదారికనే పుట్టిన బండి కావాలని ఆ యాత్రలే చెప్పాయి.

మన బజారులోకి

మొదటి ప్రయత్నం 2011లో జరిగింది. హీరో వారు ఇంపల్స్ అనే 150 సి.సి. బండిని డెబ్బై వేల లోపు ధరకు తెచ్చారు. ఎత్తు, సస్పెన్షన్ అన్నీ మట్టిదారికి తగినవే. కాని అదే డబ్బుకు రోడ్డు మీద ఇంకా వేగంగా వెళ్లే బండ్లు దొరుకుతుంటే, జనం అటే వెళ్లారు. కొన్నేళ్లకు అది ఆగిపోయింది.

2016 మార్చిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ వచ్చింది. 411 సి.సి. ఇంజన్, 15 లీటర్ల ట్యాంకు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు. ధర సుమారు లక్షా యాభై ఐదు వేలు. విదేశీ అడ్వెంచర్ బండ్లు చాలా ఖరీదుగా ఉన్న రోజుల్లో ఆ ధర పెద్ద సంచలనమే. శక్తి తక్కువేనని నిపుణులన్నా, తక్కువ వేగంలో లాగే గుణం కొండదారికి సరిపోయింది.

2018లో బి.ఎం.డబ్ల్యు. వారు హోసూరులో టి.వి.ఎస్. వారి చేత తయారు చేయించిన జి 310 జి.ఎస్.ను మూడున్నర లక్షలకు తెచ్చారు. 2019 మే నెలలో హీరో వారు మళ్లీ ప్రయత్నించి, 200 సి.సి. ఎక్స్‌పల్స్‌ను లక్షకు అటూ ఇటూగా పెట్టారు. ఈసారి నిలదొక్కుకుంది. 2020 జనవరిలో కె.టి.ఎం. 390 అడ్వెంచర్ 2.99 లక్షలకు, 2022 జనవరిలో 334 సి.సి. యెజ్డీ అడ్వెంచర్ రెండు లక్షల పైచిలుకుకు వచ్చాయి. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డాక ఆ పేరు మళ్లీ వినడం మనబోటివారికి సంతోషమే. 2023 నవంబరులో హిమాలయన్ 452 సి.సి. కొత్త ఇంజన్‌తో 2.69 లక్షల ప్రారంభ ధరకు వచ్చింది. 2025 జనవరిలో ఎక్స్‌పల్స్ 210 సి.సి.తో 1.76 లక్షలకు వచ్చింది. ఇవన్నీ ఆయా బండ్లు వచ్చిన రోజున చెప్పిన షోరూము ధరలు. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అదనం.

ఇప్పుడు తాండి లెక్క వేద్దాం. మొదటి హిమాలయన్ లీటరుకు ముప్పై ఇచ్చిందనుకుంటే 15 లీటర్లకు 450 కిలోమీటర్లు. 365 దాటుతుంది. 13 లీటర్ల ట్యాంకు ఉన్న మొదటి ఎక్స్‌పల్స్ నలభై ఇస్తే 520. బి.ఎం.డబ్ల్యు. 310 ట్యాంకు 11 లీటర్లే. ముప్పై ఇచ్చినా 330 దగ్గర ఆగుతుంది. మూడింటిలోకీ ఖరీదైన బండి ఆ బోర్డు ముందు క్యాను అడుగుతుందన్నమాట. ధరకూ దూరానికీ సంబంధం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాగితం మీద లెక్క

ఇక జేబు లెక్క. సులువు కోసం పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుందాం. మా మనవడు ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం.

లీటరుకు 60 ఇచ్చే మామూలు 100 సి.సి. బండికి ఏడాదికి 100 లీటర్లు, 11,000 రూపాయలు.
లీటరుకు 40 ఇచ్చే 200 సి.సి. అడ్వెంచర్ బండికి 150 లీటర్లు, 16,500 రూపాయలు.
లీటరుకు 30 ఇచ్చే 450 సి.సి. బండికి 200 లీటర్లు, 22,000 రూపాయలు.

రెండు అడ్వెంచర్ బండ్ల మధ్య ఏడాదికి పెట్రోలు తేడా 5,500. కొనేటప్పుడు ధరలో తేడా దాదాపు లక్ష. ఆ లక్ష పెట్రోలు ఆదాతో రావాలంటే పద్దెనిమిదేళ్లు పడుతుంది! ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పోట్లాడినట్టని మన పెద్దలు ఊరికే అనలేదు. ధర దగ్గర లక్ష వదిలేసి, మైలేజీ దగ్గర రెండు కిలోమీటర్లకు వాదిస్తే ఏం లాభం? పోనీ పాతికేళ్లు రోజూ తిరిగే బండి అయితే వేరు. మన 100 సి.సి. బండ్లు అలా తిరిగాయి కనుకే మనకు మైలేజీ లెక్క కలిసివచ్చింది.

ఇందులో ఇంకో కిటుకుంది. మన "లీటరుకు ఇన్ని కిలోమీటర్లు" అన్న కొలత కొంత మోసం చేస్తుంది. ఐరోపావారు నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని కొలుస్తారు. అలా చూస్తే, 60 ఇచ్చే బండి బదులు 80 ఇచ్చేది కొంటే నూరు కిలోమీటర్లకు మిగిలేది 0.42 లీటరు. 25 ఇచ్చే బండి బదులు 30 ఇచ్చేది కొంటే మిగిలేది 0.67 లీటరు. ఇరవై పెరిగిన చోట కంటే అయిదు పెరిగిన చోటే ఎక్కువ ఆదా. కాబట్టి పెద్ద బండ్ల మధ్య నాలుగైదు కిలోమీటర్ల తేడాను పూర్తిగా తీసిపారేయడానికీ లేదు. మా ఇద్దరి వాదనలోనూ కొంత నిజముందని అప్పుడు తెలిసింది.

మరో విషయం. నిటారుగా కూర్చోబెట్టే ఎత్తైన బండి గాలికి ఎక్కువగా ఎదురు నిలుస్తుంది. ఆ గాలి ఒత్తిడి వేగంతో సమానంగా కాక, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 నుంచి 100కు వెళితే గాలి పట్టు రెండున్నర రెట్లు దాటుతుంది. ట్యాంకు పక్కన పెట్టెలు తగిలిస్తే ఇంకా ఎక్కువ. అందుకే ఒకే బండి ఒకరికి 35, మరొకరికి 26 ఇవ్వడంలో వింత లేదు. ప్రకటనలో మైలేజీ బండిది, రోడ్డు మీద మైలేజీ మనిషిది.

ప్రభుత్వం గీసిన గీత

ఈ మధ్య ధరల లెక్కను మార్చింది పెట్రోలు కాదు, పన్ను. 2017 నుంచి మోటారుసైకిళ్లపై జి.ఎస్.టి. 28 శాతం, 350 సి.సి. దాటితే మరో 3 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకు 18 శాతం, దాటితే 40 శాతం అయింది. పన్ను కలపకముందు రెండు లక్షలున్న రెండు బండ్లు తీసుకోండి. పాత పద్ధతిలో వాటి మధ్య తేడా 6,000 రూపాయలు. కొత్త పద్ధతిలో ఒకటి 2,36,000, రెండోది 2,80,000. తేడా 44,000. ఆ డబ్బుతో 400 లీటర్ల పెట్రోలు వస్తుంది. ముప్పై చొప్పున 12,000 కిలోమీటర్లు తిరగవచ్చు. ఎక్స్‌పల్స్, యెజ్డీ గీతకు ఇవతల, 452 సి.సి. హిమాలయన్ అవతల పడ్డాయి.

ఇంధనంలోనూ మార్పు వచ్చింది. 2025 నాటికి దేశమంతటా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. పాత రకం ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3–4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలో చెప్పారు. ముప్పై ఇచ్చే బండికి అది కిలోమీటరు తగ్గడం. మన ఇంట్లో మూలనున్న పాత స్కూటర్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు మాత్రం ఒకసారి మెకానిక్కుకు చూపించుకోవడం మంచిది.

చివరికి జరిగింది

ఈ కాగితాలన్నీ మనవడి ముందు పెట్టి, మూడు ప్రశ్నలు అడిగాను. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు? అందులో మట్టిదారి ఎంత? బండి పడిపోతే ఒక్కడివే లేపగలవా?

మూడో ప్రశ్నకు వాడు నవ్వలేదు. మరునాడు ఇద్దరం షోరూములకు వెళ్లాం. దాదాపు రెండువందల కిలోల బండి మీద కూర్చుంటే వాడి మునివేళ్లు మాత్రమే నేలకు ఆనాయి. చిన్న బండి మీద కూడా మడమలు పూర్తిగా ఆనలేదు గాని, అది ఒక పక్కకు ఒరిగితే నిలపగలిగాడు. తిరిగి వస్తూ, "ఆఫీసు అయిదు రోజులు, లదాఖ్ ఎప్పుడో ఒకసారి కదా తాతయ్యా" అన్నాడు. చిన్నదే బుక్ చేశాడు. నా లక్షతో అవసరం పడలేదు.

డిపాజిట్టు ముట్టుకోలేదు. రెండు నెలల పింఛనులోంచి కొంత తీసి మంచి హెల్మెట్టు, చేతి తొడుగులు, మోకాళ్ల రక్షణ, గట్టి బూట్లు కొనిపెట్టాను. వాళ్ల అమ్మమ్మ ధర చూసి, "హెల్మెట్టుకింతా?" అంది. దానికి మైలేజీ లేదని చెప్పాను.

మిత్రులారా, పిల్లలు బండి కొంటామంటే మన పాత ప్రశ్న మానవద్దు. పెట్రోలు పొదుపు దేశానికీ మంచిదే. అయితే దాన్ని మొదటి ప్రశ్నగా కాక నాలుగో ప్రశ్నగా అడుగుదాం. ముందడగవలసినవి పైన చెప్పిన మూడు.

మొన్న ఆదివారం వాడు నల్లమలలో శ్రీశైలం ఘాటు దాకా వెళ్లి వచ్చి ఫోను చేశాడు. ట్యాంకు నింపి, మళ్లీ నింపి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగించాడట. "నలభై రెండు వచ్చింది తాతయ్యా!" అన్నాడు. నేను అడగలేదు సుమండీ. వాడే చెప్పాడు.